మూడో గడి నిండేదాకా: అడవి ఆకుకూరలు, పుట్టగొడుగుల ప్రాజెక్టు డైరీ

ఏం చేస్తున్నాం

ఒక ఏడాది తిరిగేసరికి, ఇంతకుముందు ఈ జోలికి పోని మనిషి నాలుగైదు అడవి ఆకుకూరల్నీ రెండే రెండు రకాల పుట్టగొడుగుల్నీ తడుముకోకుండా గుర్తుపట్టగలగాలి. ప్రాజెక్టు మొత్తం ఇంతే. అంకె కావాలనే చిన్నగా పెట్టాం. యాభై పేర్లు నోటికి వచ్చినా, వాటికి విషపు పోలికలేవో తెలియకపోతే ఆ పేర్లు అక్కరకు రావు.

పద్ధతి కూడా పెద్దదేం కాదు. నోటుబుక్కులో జాతికి ఒక పేజీ, పేజీకి మూడు గళ్లు. మొదటి గడిలో దాని గుర్తులు. రెండో గడిలో చూడ్డానికి దానిలాగే ఉండేవి. మూడో గడిలో ఆ రెండింటినీ విడదీసే పరీక్ష, అదీ చేత్తో చేసి చూడగలిగేది. మొదటి గడికి ఒక సాయంత్రం, ఒక పుస్తకం చాలు. మూడో గడికి ఒక్కోసారి సీజనంతా పడుతుంది. అది ఖాళీగా ఉన్నంతకాలం ఆ జాతిని ఫొటో తీసుకోవచ్చు, వండకూడదు.

పేజీ మీద వాడుక పేరుతోపాటు శాస్త్రీయ నామం కూడా రాయాలి. గలిజేరు అనే పేరుతోనే రెండు మూడు వేర్వేరు మొక్కలు చలామణీలో ఉన్నాయి. ఒకరు తిన్నామన్న మొక్కా మరొకరు కోసుకొచ్చిన మొక్కా ఒకటేనని పేరు ఒక్కటీ హామీ ఇవ్వదు.

సామాన్లు

పదిరెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, పదునైన చాకు, తోటపనికి వాడే చేతి పార, మిల్లీమీటర్ల స్కేలు, కాగితపు సంచులు, పెన్సిలు. సగం తెలుపు, సగం నలుపు ఉన్న అట్టముక్కలు ఓ పది, వాటిమీద బోర్లించడానికి గాజు గ్లాసులు. భూతద్దాన్ని కంటికి ఆనించి పట్టుకుని, చూడాల్సిన వస్తువును దాని దగ్గరికి తేవాలి. చాలామంది తిరగేసి చేస్తారు, ఏమీ కనపడలేదంటారు.

పెన్సిలు ఎందుకంటే వానలో పెన్ను సిరా కారిపోతుంది. కాగితపు సంచులు ఎందుకంటే ప్లాస్టిక్‌లో పుట్టగొడుగు తన చెమ్మతో తానే ఉడికిపోయి కొన్ని గంటల్లో మెత్తబడుతుంది. కుళ్లిన మంచి పుట్టగొడుగు కూడా కడుపు చెడగొడుతుంది, అప్పుడు తప్పు జాతిదా నిల్వదా తేల్చడం కష్టం. రకానికి ఒక సంచి తప్పనిసరి. తెలిసినవాటి మధ్య తెలియని ముక్క ఒక్కటి విరిగిపడితే సంచంతా పారబోయాల్సిందే.

ఫోన్ యాప్‌లను మొక్క లేదా పుట్టగొడుగు ఏ కుటుంబానిదో ఊహించడానికి మాత్రమే వాడుతున్నాం. యాప్ ఫొటోలో ఉన్నదాన్నే చూస్తుంది. వాసన, కోస్తే మారే రంగు, మట్టిలో దాగిన మొదలు దానికి తెలియవు. పుస్తకం కొనేముందు రచయిత ఎవరో, ఏ ప్రాంతానికి రాశారో, ఏ ఏడాది ముద్రణో చూడాలి. ముద్రణ ఏడాది ఎందుకు ముఖ్యమో కింద వస్తుంది.

దశ 1: ముందు మొక్కలు

మొక్క వారాల తరబడి అక్కడే ఉంటుంది. రెండాకుల మొలకగా, పూతతో, గింజతో ఒకే మొక్కను మళ్లీ మళ్లీ చూడొచ్చు. పుట్టగొడుగుకు రెండు మూడు రోజులే ఆయుష్షు. అందుకే వరస ఇలా పెట్టాం. ప్రతి రకంలో ఒక మొక్కకు దారం కట్టి, కోయకుండా వదిలేసి, మొలక నుంచి గింజ దాకా ఫొటోలు తీయడం మొదటి పని. కూరాకును లేతగా ఉన్నప్పుడే కోస్తాం, పుస్తకాల్లో బొమ్మలేమో పూసిన మొక్కవి. పొరపాట్లు జరిగేది సరిగ్గా ఈ ఎడంలోనే.

*గంగవాయిలి కూర (పోర్టులాకా ఒలరేసియా).* కొన్నిచోట్ల గంగపావిలి అంటారు. ఒకే వేరు నుంచి నేలమీద పరుచుకునే గుండ్రటి, నున్నటి, ఎర్రటి కాడలు, నూగు అస్సలు ఉండదు. ఆకు చెంచా ఆకారంలో మందంగా, నీరు నిండి ఉంటుంది, కొసల్లో గుంపుగా చేరుతుంది. పసుపు పూలు ఎండలో కొద్ది గంటలే విచ్చుకుంటాయి. కాయ పైభాగం మూతలా ఊడి లోపల సన్నటి నల్ల గింజలు కనిపిస్తాయి.

రెండో గడిలో మొదటి పేరు నేలబారు నానబాలు, అంటే యుఫోర్బియా జాతివి. అవి కూడా నేలను అంటుకుని, ఎర్ర కాడలతో, అదే గోడ పగులులో మొలుస్తాయి. పరీక్ష: కాడ తుంచాలి. నానబాలులో తెల్లటి పాలు వస్తాయి, గంగవాయిలిలో రంగులేని నీరు. లేత కొసలోనూ మొదలు దగ్గరా రెండుచోట్లా తుంచి పది సెకన్లు చూడాలి. ఎండకు వాడిన నానబాలులో పాలు సరిగా రావు కాబట్టి వాడిన మొక్కమీద ఈ పరీక్ష చెల్లదు. అప్పుడు ఆకు మందం చూడాలి: నానబాలు ఆకు కాగితంలా పలుచన, కాడ తీగలా సన్నం.

పరీక్ష సులువే, చెడేది కోతలో. రెండూ అల్లుకుని పెరిగినచోట గుప్పెటతో పీకితే రెండూ వచ్చేస్తాయి. ఒక్కో కాడా విడిగా తుంచి సంచిలో వేయడమే మార్గం. ఇంకో పోలిక ట్రయాంథిమా, గలిజేరు పేరున్నవాటిలో ఒకటి. దాని ఆకులు జంటగా వస్తాయి, జంటలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పూలు తెలుపు లేదా లేత గులాబి. దానికి వేరే పేజీ ఉంది.

రుచి గురించి ఒక మాట. నీటి ఎద్దడిలో ఉన్న గంగవాయిలి రాత్రిపూట మాలిక్ ఆమ్లం పోగుచేసుకుని పగలు వాడుకుంటుంది. అందుకే పొద్దున్నే కోసిన ఆకు పుల్లగా, సాయంత్రం కోసింది చప్పగా ఉంటుంది. పులుపు తగ్గినంతమాత్రాన మొక్క మారిందని అనుకోనక్కర్లేదు. ఆక్సలేట్లు ఎక్కువ కనుక మూత్రపిండాల్లో రాళ్లున్నవారు దీనికి దూరంగా ఉండాలి. మిగతావారు ఉడికించి నీళ్లు పారబోస్తే కరిగే ఆక్సలేట్లు చాలావరకు పోతాయి. పేజీ పూర్తి.

*చిలక తోటకూర, ముళ్ల తోటకూర.* తోటకూర జాతిలో ఆకుతో ప్రాణం తీసే రకం లేదు, అందుకే కొత్తవారికి ఇది మంచి మొదలు. చిలక తోటకూర ఆకు కొన దగ్గర చిన్న నొక్కు ఉంటుంది, ఆకు అడుగున ఈనెలు ఉబ్బి కనిపిస్తాయి. ముళ్ల తోటకూరలో ఆకు తొడిమ మొదట జంట ముళ్లు. ప్రమాదమల్లా మధ్యలో మొలిచే ఉమ్మెత్తతో. లేత ఉమ్మెత్త ఆకును నలిపితే వెగటు వాసన వస్తుంది. ఆకు మొదలు రెండువైపులా సమానంగా ఉండదు, అంచు అలలుగా ఉంటుంది. పొరపాటున తింటే నోరెండిపోవడం, కంటిపాపలు పెద్దవై చూపు మసకబారడం, గుండె వేగం, మతి చలించడం. పరీక్ష: కట్టగట్టే ముందు ఆకుల్ని ఒక్కొక్కటిగా బల్లమీద పరిచి చూడటం. విసుగు పుట్టే పనే, కానీ దీనికి అడ్డదారి లేదు.

పెంటకుప్పల పక్కన, ఎరువు దట్టించిన చేను గట్టున బాగా ఏపుగా పెరిగిన తోటకూరను వదిలేయాలి, ఆకుల్లో నైట్రేట్లు పేరుకుంటాయి. కలుపుమందు కొట్టినచోట కొసలు మెలితిరిగో పసుపు మళ్లో కనిపిస్తాయి. రైలుపట్టాల పక్కన, రోడ్డు అంచున, పాత ఫ్యాక్టరీ స్థలాల్లో ఎంత బాగున్నా కోయం. సీసం, కాడ్మియం కడిగితే పోయేవి కావు.

*కామంచి.* ఈ పేజీ సగమే నిండింది. పండు గుర్తులు తేలాయి: చిన్న నల్లటి పళ్లు గుత్తిగా వేలాడతాయి, ఒక్కో పండుకు తొడిమ దగ్గర చిన్న పుష్పకోశం. విషపు పోలిక బెల్లడోనా. అందులో పండు ఒంటరిగా, పెద్దగా ఉంటుంది, కింద ఆకుపచ్చని రేకులు నక్షత్రంలా పండును దాటి బయటికి పరుచుకుంటాయి. గుత్తిగా ఉంటే కామంచి, ఒంటరిగా ఉంటే వదిలేయాలి. కానీ పచ్చికాయలో సోలనిన్ అనే విషం ఉంటుంది, మామూలుగా ఉడికిస్తే అది విరిగిపోదు. బాగా మాగిన పళ్లవరకు అనుమతి. ఆకుల సంగతి ఇంకా తేల్చలేదు, మొక్కనుబట్టి విషం మోతాదు మారుతుంది.

*పులిచింత.* హృదయాకారపు ఆకులు మూడేసి, పసుపు పూలు, పులుపు. గంగవాయిలికి చెప్పిన ఆక్సలేట్ల జాగ్రత్తే దీనికీ. పేజీ పూర్తి.

నీటి అంచున పెరిగే తూటికూరలాంటివి గుర్తుపట్టడం సులువే కానీ పచ్చిగా మాత్రం వద్దు. పశువులు దిగే నీళ్లలో కాలేయపు పురుగు, పేగు పురుగుల లార్వాలు ఆకుకు, కాడకు అంటుకుని గుల్ల కట్టుకుంటాయి. కడిగినా ఊడవు, ఉడికితేనే చస్తాయి.

ఈ ఏడాదికి తాళం వేసిన పేజీలు రెండు రకాలు. మొదటిది దుంపలన్నీ. తీగ ఎండిపోయాక నేలలో మిగిలిన దుంప ఏ మొక్కదో చెప్పే ఆధారం ఉండదు. అడవి నాభి, అంటే గ్లోరియోసా, దుంపను తినే దుంప అనుకుని వండుకున్న కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. అందులోని కాల్చిసిన్ అనే విషం కొన్ని గంటలు ఊరుకుని ఆ తర్వాత వాంతులు, విరేచనాలతో మొదలై ఎముకమజ్జ దాకా దెబ్బతీస్తుంది. అడవి చేమ, అడవి గడ్డల్లో కొన్నింటికి గంటల తరబడి ఉడికించడం, రోజుల తరబడి నీళ్లు మార్చడం అవసరం, అది కొత్తవారి పని కాదు. రెండోది కొత్తిమీర కుటుంబం మొత్తం, గొడుగు ఊచల్లా పూసేవి. క్రీస్తుపూర్వం 399లో సోక్రటీసు తాగిన హెమ్లాక్ ఈ కుటుంబానిదే. బోలు కాడ మీద ఊదా మచ్చలు దాని గుర్తు, కానీ లేత మొక్కలో ఆ మచ్చలు స్పష్టంగా ఉండకపోవచ్చు. ఇక్కడ మూడో గడి నిండడానికి ఏడాది సరిపోదు.

దశ 2: వానలు పడ్డాక

పుట్టగొడుగుల మొదటి సీజన్ మొత్తం చూడటం, తవ్వడం, రాయడం, గొడుగు నుంచి రాలే బీజరేణువుల (స్పోర్ల) ముద్రలు తీయడం. వంట లేదు. పుట్టగొడుగును ముట్టుకుంటే విషం ఎక్కదు, మింగితేనే. కాబట్టి నిర్భయంగా చేతిలోకి తీసుకుని చూడొచ్చు.

ఒక్కోదానికీ రాసేవి: దేనిమీద మొలిచింది (మట్టి, ఎండు కర్ర, బతికున్న చెట్టు, పేడ, చెదపుట్ట), చుట్టూ పది అడుగుల్లో ఏ చెట్లున్నాయి, గొడుగు వెడల్పు, పైభాగం జిగటా పొలుసులా, అడుగున రేకులా రంధ్రాలా, రేకులు కాడను తాకుతున్నాయా లేదా, కాడ చుట్టూ ఉంగరంలాంటి పొర ఉందా, కాడ మొదలును చుట్టిన సంచిలాంటి పొర ఉందా, వాసన, నిలువునా కోసిన పది నిమిషాలకు రంగు. ఫొటోలు నాలుగు: పైనుంచి, అడుగు నుంచి, మొదలుతో సహా పక్కనుంచి, నిలువు కోత. పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో ఏ నిపుణుడూ ఏమీ చెప్పలేడు.

ఇక తవ్వడం. నేలమట్టానికి చాకుతో కోయడం అందంగా ఉంటుంది, చేతులకు మట్టి అంటదు, కానీ చూడాల్సిన ముఖ్యమైన గుర్తు నేలలోనే మిగిలిపోతుంది. డెత్ క్యాప్ అనే అమానిటా ఫల్లాయిడెస్ మొదలు ఒక తెల్లటి పలుచని సంచిలో కూర్చుని ఉంటుంది. చేతి పారను కాడకు నాలుగు వేళ్ల దూరంలో ఏటవాలుగా దించి, మట్టిగడ్డతో సహా లేపి, వేళ్లతో మట్టి రాల్చాలి. నేరుగా పీకితే సంచి చిరిగి మట్టిలో ఉండిపోతుంది, కాడ మొదలు నున్నగా ఉందనుకుని పొరపడతాం.

ఇంకా విచ్చుకోని గుండ్రటి మొగ్గలన్నీ నిలువునా రెండుగా కోయాల్సిందే. లోపల కొసదాకా తెల్లగా, గట్టిగా, ఒకే ముద్దగా ఉంటే బంతిలా ఉండే తినే రకం, పఫ్‌బాల్ కావచ్చు. గొడుగు, రేకులు, కాడల ఆకారం గీత గీసినట్టు కనిపిస్తే అది అమానిటా మొగ్గ కావడానికి అవకాశం ఎక్కువ. లోపల ఊదా నలుపు ఉంటే అది కూడా పారేయాల్సిందే.

స్పోర్ ప్రింట్లు: ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్న భాగం

బీజరేణువుల రంగు రేకుల రంగును చూసి చెప్పలేం. లేత అగారికస్ రేకులు గులాబిగా ఉంటాయి, దాని ముద్ర మాత్రం చాక్లెట్ గోధుమ. కాబట్టి ముద్ర తీయాలి.

కాడను గొడుగు అంచుకు సమానంగా కోసేసి, రేకులు కిందికి ఉండేలా గొడుగును సగం తెలుపు, సగం నలుపు అట్టమీద పెట్టాలి. తెల్ల ముద్ర తెల్ల కాగితం మీద కనపడదు, అందుకే రెండు రంగులు. పైన ఒక చుక్క నీళ్లు వేసి, గాలి తగలకుండా గ్లాసు బోర్లించి, 6 నుంచి 12 గంటలు కదపకుండా వదలాలి. ఎత్తాక, పరుచుకున్న పొడిని బ్లేడుతో ఒకచోటికి గీకి కుప్పచేసి పగటి వెలుతురులో చూడాలి. పలుచని పొర రంగు మోసం చేస్తుంది: లేత గులాబి తెల్లగా కనిపిస్తుంది, లేత ఆకుపచ్చ బూడిదలా కనిపిస్తుంది. పసుపు బల్బు కింద చూస్తే తెలుపు కూడా మీగడ రంగే. అట్టకు బదులు గాజు పలక వాడితే దాన్ని ఏ రంగు మీదైనా పెట్టి చూసుకోవచ్చు. మేం ఇప్పుడు గాజుకే మారాం.

ముద్ర రాకపోవడానికి కారణాలు: గొడుగు ఇంకా లేతది, అడుగు పొర చిరగలేదు, లేదా మరీ ముదిరి ఎండింది, లేదా వానలో నానింది, అప్పుడు అట్ట తడిసి ముద్ద అవుతుంది. కొన్నిసార్లు లోపలి పురుగులు రాత్రంతా పాకి ముద్రను చెరిపేస్తాయి. ముద్ర రాని గొడుగుకు ఆ పూట పరీక్ష లేదు, పరీక్ష లేనిదానికి వంట లేదు.

రంగుల పట్టిక ఇప్పటికి ఇలా ఉంది. తెలుపు: అమానిటాలు, పారసోల్ అనే తినే రకం, ఇంకా ఎన్నో. గులాబి: వరిగడ్డి పుట్టగొడుగు, చెదపుట్ట పుట్టగొడుగు, వాటితోపాటు విషపు ఎంటలోమాలు కూడా. తుప్పు గోధుమ: కర్రమీద మొలిచే గాలెరినా, కార్టినేరియస్‌లు, వీటిలో ప్రాణాంతకమైనవున్నాయి. ఆకుపచ్చ: క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్, దాదాపు అది ఒక్కటే. ఏ రంగూ ‘తినొచ్చు’ అని చెప్పదు. ఫలానా పోలిక కాదని మాత్రమే చెబుతుంది.

క్లోరోఫిల్లమ్ సంగతి కాస్త విడమరచాలి. వాన తర్వాత పచ్చికలో పళ్లెమంత తెల్లటి గొడుగులు, పైన గోధుమ పొలుసులు, కాడకు జారే ఉంగరం. చూడగానే నోరూరుతుంది. లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లనే, ముదిరాకే ఆకుపచ్చ తిరుగుతాయి. తిన్నవారికి 1 నుంచి 3 గంటల్లో తీవ్రమైన వాంతులు, విరేచనాలు. పారసోల్ ముద్ర తెలుపు, దీని ముద్ర ఆకుపచ్చ. మూడో గడి ఇంత తేలిగ్గా నిండే జంట ఇంకోటి లేదు, అయినా ఉత్తర అమెరికాలో పుట్టగొడుగు విషాల ఫిర్యాదుల్లో దీనిదే పెద్ద వాటా. ముద్ర కోసం ఒక రాత్రి ఆగకపోవడమే కారణం.

మొగ్గ దగ్గర ఆగిన పేజీ

వరిగడ్డి పుట్టగొడుగు, వాల్వారియెల్లా వాల్వేసియా, రుచికరమైనది, సాగులో ఉన్నది. దానికీ కాడ మొదట్లో సంచి ఉంటుంది, డెత్ క్యాప్‌కూ ఉంటుంది. 2012 జనవరి ఆరంభంలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో డెత్ క్యాప్‌లు తిని ఇద్దరు చనిపోయారు. సంచి ఉన్న తినే రకాన్ని చిన్నప్పటి నుంచీ ఎరిగిన ఆసియా వలసదారులు కొత్త దేశంలో ఈ తప్పు చేసే ప్రమాదం ఎక్కువని అక్కడి వైద్యులు హెచ్చరిస్తూ ఉంటారు. పుట్టిన ఊళ్లో పనిచేసే గుర్తు, అక్కడ లేని విషజాతి ఉన్న నేలలో పనిచేయదు.

తేడాలు: వాల్వారియెల్లా ముద్ర గులాబి, అమానిటాది తెలుపు. వాల్వారియెల్లాకు ఉంగరం ఉండదు. డెత్ క్యాప్‌కు ఉంటుంది, కానీ ఊడిపోవచ్చు. మొదటిది కుళ్లే గడ్డి, కంపోస్టు మీద పెరుగుతుంది, రెండోది ఓక్ లాంటి చెట్ల వేళ్లతో బంధం పెట్టుకుని మట్టిలో. ఇవన్నీ విచ్చుకున్న గొడుగులో తేలే తేడాలు. వరిగడ్డి పుట్టగొడుగును మొగ్గగా ఉన్నప్పుడే కోస్తారు. మొగ్గకు ముద్ర రాదు, ఉంగరం కనపడదు. అంటే రుచి ఉన్న దశలో పరీక్ష లేదు, పరీక్ష ఉన్న దశలో రుచి లేదు. కాబట్టి అడవిలో దొరికిన మొగ్గకు ఈ పేజీ ఎప్పటికీ మూసే ఉంటుంది. సాగు చేసినదాన్ని తినడానికి అభ్యంతరం ఏమీ లేదు.

డెత్ క్యాప్‌ను ఇంతగా తలచుకోవడానికి కారణం దాని విషం పనిచేసే తీరు. అమాటాక్సిన్లు కణంలో ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఎంజైమును ఆపేస్తాయి. ప్రొటీన్ల తయారీ ఆగి కాలేయ కణాలు చస్తాయి. ఉడికించినా, ఎండబెట్టినా, ఫ్రీజర్‌లో పెట్టినా ఆ విషం చెక్కుచెదరదు. ఒక మనిషికి సగం గొడుగు చాలు. రుచి చేదుగా ఉండదు, బతికి బయటపడ్డవారు బాగుందనే చెప్పారు. తిన్న 6 నుంచి 12 గంటల దాకా ఏమీ తెలియదు, తర్వాత వాంతులు, నీళ్ల విరేచనాలు. రెండో రోజో మూడో రోజో తగ్గినట్టే ఉంటుంది. ఆ విరామంలోనే కాలేయం పాడవుతూ ఉంటుంది.

వెండి చెంచా నల్లబడటం, వెల్లుల్లి రంగు మారడం, బియ్యంతో ఉడికించి చూడటం, గొడుగు తోలు ఊడిరావడం, పురుగులు కొట్టడం, ఉడత తినడం: వీటిలో ఏదీ పరీక్ష కాదు. నత్తలు డెత్ క్యాప్‌ను హాయిగా తింటాయి. అడవిలో చిక్కుకున్నవారికి నేర్పే ‘కొంచెం పెదవికి రాసి, కొంచెం నమిలి, ఆగి చూడు’ పద్ధతి పుట్టగొడుగులకు అసలు వర్తించదు. ఆగి చూసే గంటలకన్నా విషం ఆగే గంటలు ఎక్కువ.

పుస్తకాలు దిద్దుకున్న జాతులు

పుస్తకపు ముద్రణ ఏడాది చూడమన్నది ఇందుకు. పాక్సిల్లస్ ఇన్వల్యూటస్‌ను యూరప్‌లో తరాలుగా తిన్నారు. 1944లో జర్మన్ శిలీంధ్ర శాస్త్రవేత్త జూలియస్ షాఫర్ దాన్ని తిని చనిపోయారు. పదేపదే తిన్నవారిలో కొందరికి రోగనిరోధక వ్యవస్థ తిరగబడి సొంత ఎర్ర రక్తకణాల్నే పగలగొడుతుందని తర్వాత తేలింది. ట్రైకోలోమా ఎక్వెస్ట్రే ఫ్రాన్స్‌లో ఇష్టంగా తినే రకం. వరసగా చాలా పూటలు తిన్నవారిలో కండరాలు కరిగిపోయిన 12 కేసులు, అందులో 3 మరణాలు, 2001లో వైద్య పత్రికకెక్కాయి. పైన్ లాంటి చెట్ల మోళ్ల మీద తెల్లటి రెక్కల్లా మొలిచే ప్లూరోసైబెల్లా పోరిజెన్స్ జపాన్‌లో మామూలు తిండి. 2004లో అక్కడ 17 మంది చనిపోయారు, చాలామంది మూత్రపిండాల జబ్బున్నవారు.

ఈ మూడింటికీ ‘మావాళ్లు ఎప్పటినుంచో తింటున్నారు’ అనేదే సాక్ష్యంగా ఉండేది. అందుకని పేజీలో నాలుగో గడి చేర్చాం: ఎవరు తినకూడదు, ఎంతకు మించకూడదు. ఇంక్ క్యాప్ అనే పుట్టగొడుగు లాంటివాటికి ఈ గడిలో మద్యం అని రాయాలి. కాప్రిన్ అనే పదార్థం ఉన్న రకం తిన్నాక రెండు మూడు రోజుల్లోపు మద్యం తాగినా ముఖం ఎర్రబడటం, గుండెదడ, వాంతులు వస్తాయి.

దశ 3: వంటకు ఎంచుకున్నవి రెండు

*చెవి పుట్టగొడుగు, ఆరిక్యులేరియా.* ఎండు కర్రమీద మొలిచే గోధుమరంగు చెవి. పట్టుకుంటే రబ్బరులా సాగుతుంది, అడుగున రేకులూ రంధ్రాలూ ఏవీ ఉండవు, ఎండితే ముడుచుకుని నీళ్లు తగలగానే మళ్లీ ఉబ్బుతుంది. మట్టిలో మొలిచిన కప్పు ఆకారాలు పెళుసుగా విరుగుతాయి, అవి వేరు. ప్రమాదం జాతిలో కాదు, నానబెట్టడంలో. ఎండినదాన్ని గది వేడిమిలో రాత్రంతా, రోజంతా నానేస్తే ఒక బ్యాక్టీరియా పెరిగి బాంగ్‌క్రెకిక్ ఆమ్లం అనే విషం తయారుచేయవచ్చు. అది ఉడికినా పోదు, చైనాలో దానివల్ల మరణాలున్నాయి. ఒకటి రెండు గంటలు నానితే చాలు, ఇంకా ఎక్కువసేపు కావాలంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. జిగురు పట్టినా వాసన వచ్చినా పారేయాలి.

*చెదపుట్ట పుట్టగొడుగు, టెర్మిటోమైసిస్.* ఆఫ్రికా, ఆసియాల్లో చెదలు పెంచే బూజు తోట నుంచే ఇది పైకొస్తుంది. గొడుగు నడినెత్తిన గట్టి మొన, కాడ కిందికి సన్నబడుతూ వేరులా పుట్ట లోపలి గూటి దాకా దిగుతుంది, ముద్ర గులాబి. పరీక్ష మూడు భాగాలు, మూడూ కుదరాలి: తవ్వి ఆ పొడవాటి వేరు తెగకుండా చెదగూటి దాకా వెళ్లడం చూడాలి, మొదట సంచి ఉండకూడదు, ముద్ర గులాబిగా రావాలి. పుట్ట పక్కన మొలిచిందన్న ఒక్క కారణం చాలదు, క్లోరోఫిల్లమ్ కూడా పక్కనే మొలవగలదు. వేరు మధ్యలో తెగితే ఆ గొడుగు లెక్కలోకి రాదు. ఒక గుంపులో ఒకదాన్ని పూర్తిగా తవ్వి చూశాక మిగతావాటిని మెల్లగా మెలితిప్పి లాగొచ్చు, కానీ ఒక్కోదాని మొదలూ చూసే తీరాలి.

రెండింటికీ షరతు ఒకటే. మొదటిసారి ఆ జాతిని చేతిలో పట్టుకుని చూసి అవునన్న అనుభవజ్ఞులు ఒకరుండాలి. ఫొటో చూసి చెప్పిన ‘అవును’ లెక్కలోకి రాదు.

వంట నియమాలు: ఒక పూటకు ఒకే జాతి. ఒక పచ్చి పుట్టగొడుగును మొదలుతో సహా కాగితంలో చుట్టి, తేదీ, చోటు రాసి 48 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. కనీసం 15 నుంచి 20 నిమిషాలు ఉడకాలి. 2023లో అమెరికాలోని మోంటానాలో పచ్చిగానో సగం ఉడికో వడ్డించిన మోరెల్స్ తిని 51 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. అవి సాగుచేసిన, సరైన జాతి పుట్టగొడుగులే. మొదటి పూట ఓ 50 గ్రాములు, తర్వాత ఒక రోజు ఆగడం. పిల్లలు, గర్భిణులు, కాలేయం లేదా మూత్రపిండాల జబ్బున్నవారు ఈ దశలో తినకూడదు. కొంచెమే తినడం వల్ల ఒంటికి పడనిదేదో తెలుస్తుంది, అంతవరకే. గుర్తింపు తప్పయితే ఆ కొంచెం కాపాడదు.

తిన్నదానిపై ఏదైనా అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి. ఫ్రిజ్‌లోని నమూనా, తరిగి పారేసిన తొక్కలు, మిగిలిన కూర, తిన్న సమయం, తిన్నవారి పేర్లు వెంట తీసుకెళ్లాలి. తిన్న రెండు గంటల్లో మొదలైన వాంతులకన్నా ఆరు గంటలు దాటాక మొదలైనవి భయపడాల్సినవి, ఈ మాట డాక్టరుకు మొదటే చెప్పాలి. అదే కూర తిని ఇంకా బాగానే ఉన్నవారినీ తీసుకెళ్లాలి.

ప్రస్తుత స్థితి

నాలుగు గళ్లూ నిండినవి: గంగవాయిలి, చిలక తోటకూర, ముళ్ల తోటకూర, పులిచింత, చెవి పుట్టగొడుగు. చెదపుట్ట పుట్టగొడుగుకు మూడు గళ్లు నిండాయి, నాలుగో గడీ అనుభవజ్ఞుల చూపూ మిగిలాయి. కామంచి సగం. గలిజేరుల్లో ఏది ఏ జాతో పూత వచ్చేదాకా తేలదు, నాలుగు చోట్ల మొక్కలకు దారాలు కట్టి ఉన్నాయి. ఆయిస్టర్ పుట్టగొడుగు పేజీ మొదలైంది: రేకులు కాడమీదికి దిగడం, తెలుపు నుంచి లేత ఊదా దాకా ముద్ర రాసి ఉన్నాయి. పోలికల గడిలో ప్లూరోసైబెల్లా, నారింజ రంగు ఓంఫలోటస్ పేర్లు చేరాయి. మూడో గడికి వచ్చే వానల్లో కర్ర ఏ చెట్టుదో కూడా రాసుకుంటూ గాజుమీద కొత్తగా ముద్రలు తీయాలి. అట్టమీద తీసిన పాత లేత ఊదా ముద్రలు వెలిసిపోయాయి, వాటిని లెక్కలోంచి తీసేశాం.